"ఆ తర్వాత ఏమైంది?" అని సైకాలజిస్ట్ ఎందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 32. ఏడాది కిందట ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడుతుండగా గొంతు వణికి మాట ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ అప్పటినుంచి మీటింగ్ ఉందంటే ముందురోజు రాత్రే గుండె దడ మొదలవుతోంది. చాలాసార్లు ఏదో ఒక వంక చెప్పి సెలవు పెట్టేస్తున్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తను. రాత్రిళ్లు అక్కకు మెసేజ్‌లు పెడతాను, "ఇవాళ నేనిలా అన్నాను, తప్పుగా అనుకుని ఉంటారా?" అని. తను "అదేం లేదులే" అంటే కాస్త కుదుటపడతాను. కాసేపటికి మళ్లీ మొదలు. సెలవు రోజుల్లో మంచం దిగబుద్ధి కాదు. ఈమధ్య ఒక సైకాలజిస్ట్ దగ్గరకు వెళ్తున్నాను. ఆవిడ నా చిన్నతనం గురించి పెద్దగా అడగలేదు, జబ్బు పేరూ చెప్పలేదు. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయించి, ముందు ఏం జరిగింది, మీరేం చేశారు, తర్వాత ఏమైంది అని రాయమన్నారు. సెలవు పెట్టాక హాయిగా అనిపించిందని చెబితే "అది తప్పకుండా రాయండి" అన్నారు. నాకు చాలా బాధేసింది. నాటకాలాడుతున్నానని ఇంట్లోవాళ్లు ఎలాగూ అంటున్నారు. ఈవిడా అదే అంటున్నట్టు లేదూ? ఇలా రాసుకుంటూ పోతే బాధ పోతుందా? వేరేవాళ్ల దగ్గరకు మారాలా? ఇంకోటి, దడ వచ్చినప్పుడు వేసుకోమని ఇదివరకు ఒక డాక్టర్ రాసిచ్చిన మాత్రలున్నాయి. అవి వాడుతూ ఇది చేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే మారకండి. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఆవిడ వెతకాల్సిన చోటే వెతుకుతున్నారు. కాకపోతే ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మీకు విడమరిచి చెప్పినట్టు లేదు. అది లోపమే. ఆవిడ చెప్పాల్సినదాంట్లో కొంత నేను చెబుతాను, మిగతాది మీరే అడిగి చెప్పించుకోండి.

ముందు మిమ్మల్ని నొప్పించిన మాట సంగతి చూద్దాం. ఒళ్లు దురద పెడితే గోకుతాం, హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే మళ్లీ గోకుతాం, గోకినకొద్దీ పుండవుతుంది. అంతమాత్రాన హాయి కోసం దురద తెచ్చిపెట్టుకున్నావని ఎవరూ అనరు కదా. దురద నిజం, గోకితే తగ్గడం నిజం, పుండు నిజం. మీ విషయమూ అంతే. భయం నిజంగా వచ్చింది కాబట్టే సెలవు పెట్టగానే అంత హాయి. నాటకమాడేవాళ్లకు మీటింగ్ ముందురోజు రాత్రి దడ రాదు, వాళ్లు హాయిగా నిద్రపోతారు. సెలవు పెట్టడం వల్ల ఏం మారిందని మీ సైకాలజిస్ట్ అడిగారు. సెలవు ఏ ఉద్దేశంతో పెట్టారని అడగలేదు. రెండూ ఒకటి కావు. మనం చేసే పనులు చాలావరకు వాటి వెనక వచ్చే ఫలితాన్నిబట్టి బలపడతాయి, ఆ సంగతి మనకు తెలియనక్కర్లేదు, మనం అనుకోనూ అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు ఈసారి ఆ మాటంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఆవిడ చేస్తున్నదాన్ని ఫంక్షనల్ అనాలిసిస్ అంటారు. ఆ మాటను సైకాలజీలో స్థిరపరిచింది అమెరికన్ సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్, 1953లో. మనిషి ప్రవర్తనకు కారణం అతని లోపలెక్కడో దాక్కున్న స్వభావంలో వెతికేకన్నా, దానికి ముందు ఏం ఉంది, వెనక ఏం వస్తోంది అన్నది చూడమన్నాడు. "పిరికిది కాబట్టి తప్పుకుంటోంది" అంటే అది కారణం చెప్పినట్టు కాదు. పిరికిదని ఎలా తెలిసింది? తప్పుకుంటోంది కాబట్టి. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. మీకు ఇంట్లో తగిలించిన పేర్లన్నీ ఇలాంటివే అయి ఉంటాయి.

చిన్నతనం గురించి ఎందుకు అడగలేదన్నారు. భయం ఎలా మొదలైంది అన్నది ఒక ప్రశ్న, ఇవాళ దాన్ని ఏది నిలబెడుతోంది అన్నది వేరే ప్రశ్న. 1947లో మౌరర్ అనే సైకాలజిస్ట్ ఈ రెండింటినీ విడదీశాడు. ఒక చెడ్డ అనుభవంతో భయం అంటుకుంటుంది. దాన్నుంచి తప్పుకున్నప్పుడల్లా దొరికే ఉపశమనంతో అది నిలిచిపోతుంది. మీకు మొదటిది ఏడాది కిందటి మీటింగ్. దాన్ని ఇప్పుడు మార్చలేం. రెండోది మాత్రం ప్రతి వారం కొత్తగా జరుగుతోంది, అక్కడ చెయ్యి పెట్టొచ్చు. చిన్నప్పుడు మాట తడబడితే ఇంట్లో నవ్వారా, బళ్లో నిలబెట్టారా అన్నవి కూడా ఎప్పుడో ఒకప్పుడు రావాల్సినవే, వస్తాయి కూడా. కాకపోతే మొదటి వారాల పని అది కాదు. జబ్బు పేరు సంగతీ అంతే. పేరుతో పనుంది, ముఖ్యంగా మందులు అవసరమా అని తేల్చేటప్పుడు. కానీ ఒకే పేరున్న ఇద్దరికి చేయాల్సిన సాయం ఒకటే కాకపోవచ్చు.

ఇక ఆ మూడు గళ్లు. మీరు ఎలా రాస్తున్నారో తెలియదు కానీ, మొదట్లో చాలామంది "బాధేసింది – ఏడ్చాను – పడుకున్నాను" అని రాసుకొస్తారు. దానితో ఏమీ చేయలేం. మీ ఉత్తరంలోని మెసేజ్‌లనే తీసుకుని ఒక రాత్రి ఎలా ఉండొచ్చో ఊహించి రాస్తాను, చూడండి.

మొదటి గడి: రాత్రి పది దాటింది. గదిలో ఒక్కదాన్నే. నిన్న సరిగా నిద్రలేదు. ఆఫీసు గ్రూపులో నేను పెట్టిన మెసేజ్‌కు మేనేజర్ బొటనవేలు బొమ్మ ఒక్కటి పెట్టాడు, పక్కవాళ్లకు మాత్రం మాటల్లో జవాబిచ్చాడు. "విసుగొచ్చినట్టుంది" అనిపించింది. ఛాతీ బిగుసుకుంది, చేతులు చల్లబడ్డాయి. రెండో గడి: గ్రూపు మళ్లీ మొదటినుంచి చదివాను. స్క్రీన్‌షాట్ తీసి అక్కకు పంపి, "ఇందులో కోపం ఉందా?" అని అడిగాను. మూడో గడి: రెండు నిమిషాల్లో అక్క "లేదే, పడుకో" అంది. ఛాతీ వదులైంది. పావుగంట తర్వాత "స్క్రీన్‌షాట్‌లో పై మెసేజ్ పడలేదు, అది చూసుంటే అక్క అలా అనేది కాదేమో" అనిపించి మళ్లీ పంపాను.

మొదటి గడిలో నిద్ర సంగతి ఎందుకంటారా? నిద్ర చాలని రోజు చిన్న బొటనవేలు కూడా పెద్దదవుతుంది. మార్షా లినెహాన్ అనే సైకాలజిస్ట్ రూపొందించిన చికిత్సలో ఒక్కో ఘటనను గొలుసులా లింకు తర్వాత లింకు విప్పుతారు, అందులో కూడా ఆ రోజు మనిషి ఏ స్థితిలో ఉందన్నది అడుగుతారు. మూడో గడిని రెండుగా చీల్చమని నేనైతే చెబుతాను. వెంటనే ఏమైంది, తర్వాత ఏమైంది. వెంటనే వచ్చింది ఉపశమనం. తర్వాత వచ్చినవి: నిద్ర పాడు, అక్క మాట మీద కూడా నమ్మకం సన్నగిల్లడం, "నా అంతట నేను తేల్చుకోలేను" అన్న భావం మరికాస్త గట్టిపడటం. నష్టం పెద్దదే, కానీ ఆలస్యంగా వస్తుంది. అలవాటును బలపరచేది వెంటనే వచ్చేదే. "ఇది నాకు మంచిది కాదని తెలుసు, అయినా ఎందుకు చేస్తున్నాను?" అని మీరు మిమ్మల్ని తిట్టుకుంటూ ఉంటారు. దానికి జవాబు ఈ కాస్త వ్యవధిలోనే ఉంది.

ఇలా ఒక కష్టం తప్పడం వల్ల పని బలపడటాన్ని నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. పేరు చూసి శిక్ష అనుకోకండి, సైకాలజీ చదివే పిల్లలు కూడా పరీక్షల్లో తరచూ పప్పులో కాలేసేది ఇక్కడే. శిక్ష వల్ల పని తగ్గుతుంది, దీనివల్ల పెరుగుతుంది. మీ సెలవులు, ఎత్తని ఫోన్లు, అక్కకు మెసేజ్‌లు పైకి మూడు వేర్వేరు సమస్యల్లా ఉన్నాయి. నాకు కనిపిస్తున్నంతవరకు మూడూ ఒకే పని చేస్తున్నాయి.

మీ అక్క గురించి ఒక మాట. ఆమె రాత్రి పదింటికి "లేదులే" అని ఎందుకంటుంది? ప్రేమ ఉంది, సందేహం లేదు. దాంతోపాటు, ఆ మాట అనగానే మీరు కాసేపు కుదుటపడతారు, ఆమె ఫోన్ కూడా కాసేపు మోగదు. ఆమెకూ అది ఉపశమనమే. మీ అడగడాన్ని ఆమె జవాబు నిలబెడుతుంటే, ఆమె జవాబును మీరు కుదుటపడటం నిలబెడుతోంది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. కానీ మీరొక్కరే మారితే సరిపోదన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. ఒక సెషన్‌కు అక్కను తీసుకెళ్లండి. సైకాలజిస్ట్ పిలవకపోతే మీరే అడగండి.

మంచం దిగబుద్ధి కాకపోవడం దగ్గర మాత్రం నేను తొందరపడను. మంచం మీదే ఉండిపోవడం ముగ్గురిలో మూడు రకాలుగా పనిచేయొచ్చు. ఒకరికి లేస్తే ఎదురయ్యేదాన్నుంచి తప్పించుకోవడం. ఇంకొకరికి లేచినా ఒకటే లేవకపోయినా ఒకటే, వాళ్ల రోజుల్లో మనసుకు ఏదైనా ఇచ్చే పని, పలకరించే మనిషి ఒక్కొక్కటిగా జారిపోయి ఉంటాయి. మూడోవారికి పడుకున్న రోజే ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని మెత్తగా మాట్లాడతారు, మిగతా రోజుల్లో ఆ మెత్తదనం దొరకదు. బయటినుంచి చూస్తే ముగ్గురూ "బద్ధకం". 1973లో ఫెర్‌స్టర్ అనే సైకాలజిస్ట్ డిప్రెషన్‌ను ఈ కోణంలోంచే చూశాడు: మనిషి చేసే పనుల్లో తప్పించుకునేవి పెరిగి, ఏదైనా దక్కించేవి తగ్గిపోతాయన్నాడు. తర్వాత 1996లో జేకబ్‌సన్ బృందం ఒక పోలిక చేసింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి ఆలోచనలను సరిచేసే పనితో కలిపి పూర్తి కాగ్నిటివ్ థెరపీ, మరికొందరికి అందులోని ఒక భాగం మాత్రమే, అంటే రోజులోకి పనులను తిరిగి తెచ్చే భాగం. రెండో జట్టు మొదటి జట్టుకేమీ తీసిపోలేదు. మీ మంచం ఏ రకమో సెలవు రోజుల పేజీలే చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం నిజంగా లేచి ఏదైనా చేసిన రోజు ఉంటే, అది చిన్నదైనా రాయండి. బాగా గడిచిన గంట, చెడ్డ గంటంత పనికొస్తుంది. దాన్ని రాయడం అందరూ మర్చిపోతారు.

"రాసుకుంటూ పోతే బాధ పోతుందా?" పోదు. రాయడం చికిత్స కాదు. రాస్తే కొందరికి కాస్త తేలికపడుతుంది, అది వేరే. ఆ పేజీలనుంచి సైకాలజిస్ట్ ఒక ఊహ కట్టాలి, తర్వాత దాన్ని పరీక్షించాలి. పరీక్షించకపోతే ఫంక్షనల్ అనాలిసిస్ కూడా మరో రకం జోస్యమే అవుతుంది.

ఈ పరీక్ష ఎలా ఉంటుందో చూపించిన పెద్ద పని 1982లో ఐవాటా, ఆయన సహచరులది. ఎదుగుదలలో లోపాలుండి, తమను తాము కొట్టుకునే, కొరుక్కునే తొమ్మిదిమందిని వేర్వేరు పరిస్థితుల్లో కాసేపు ఉంచి చూశారు. ఒక పరిస్థితిలో కొట్టుకుంటే పెద్దవాళ్లు దగ్గరకొచ్చి పట్టించుకుంటారు. ఇంకోదాంట్లో కొట్టుకుంటే చేయమన్న పని ఆపేస్తారు. ఒకదాంట్లో ఒంటరిగా ఉంచుతారు, మరొకదాంట్లో హాయిగా ఆడుకోనిస్తారు. చాలామందిలో ఏదో ఒక పరిస్థితిలోనే అది ఎక్కువగా కనిపించింది, ఆ పరిస్థితి అందరికీ ఒకటి కాదు. చూడటానికి ఒకేలా ఉన్న దెబ్బ ఒకరిలో "నా దగ్గరికి రా", మరొకరిలో "ఈ పని నావల్ల కాదు". 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. పని కష్టమై గొడవ చేసే పిల్లలకు "నాకు అర్థం కాలేదు" అని చెప్పడం, పట్టించుకోవాలని చేసేవాళ్లకు "నేను బాగా చేస్తున్నానా?" అని అడగడం నేర్పారు. గొడవ తగ్గింది. తిరగేసి నేర్పితే తగ్గలేదు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే. మంచి అలవాటైతే చాలదు, పాత అలవాటు ఏ పని చేస్తోందో కొత్తదీ ఆ పనే చేయాలి. "మెసేజ్ పెట్టబుద్ధయితే కాసేపు నడిచి రా" లాంటి సలహాలు ఎందుకు నిలవవో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మీలాంటి పెద్దవాళ్లను ఎవరూ గదిలో కూర్చోబెట్టి అలా పరీక్షించరు. మాటల్లో అడిగి, నోట్‌బుక్ చూసి, ఏదో ఒక్కటి మార్చి చూస్తారు. మీ విషయంలో ఎలా ఉండొచ్చంటే: అక్కతో ముందే అనుకుని, రాత్రి "తప్పుగా అన్నానా?" అన్న ప్రశ్నకు ఆమె అవును, కాదు చెప్పదు. "కంగారుగా ఉన్నట్టుందే, కాసేపు మాట్లాడుకుందామా?" అంటుంది. మీకు కావాల్సింది తోడైతే అది దొరుకుతుంది, తీర్పు మాత్రం దొరకదు. ఆ కంగారు తనంతట తాను ఎంతసేపటికి తగ్గిందో మీరు రాస్తారు. మీటింగ్ విషయానికొస్తే, సెలవు పెట్టకుండా వెళ్లిన రోజు కూడా మీరు లోపల తప్పించుకుంటూ ఉండొచ్చు. మూల కుర్చీ, తల దించుకుని నోట్స్ రాయడం, ప్రతి వాక్యాన్నీ ముందే మనసులో వల్లించుకోవడం, గబగబా ముగించేయడం. వీటిని సేఫ్టీ బిహేవియర్లు అంటారు. వీటివల్లే గండం గడిచిందనుకుంటాం, అందుకే భయం ఎన్ని మీటింగులకు వెళ్లినా తగ్గదు. వీటిలో ఒక్కటి వదిలేసి ఒక చిన్న మీటింగ్‌కు, ముగ్గురు నలుగురుండేదానికి, వెళ్లి చూడటం మంచి పరీక్ష. వెళ్లేముందు "ఏం జరుగుతుందనుకుంటున్నాను" అని రాసుకోండి, వచ్చాక "ఏం జరిగింది" అని రాయండి.

ఒక హెచ్చరిక. అక్క జవాబివ్వడం ఆపాక మొదటి రోజుల్లో మీ మెసేజ్‌లు తగ్గకపోగా పెరగొచ్చు. "నువ్వు కూడా నన్ను వదిలేశావా" దాకా వెళ్లొచ్చు. ఇన్నాళ్లూ పనిచేసింది హఠాత్తుగా పనిచేయకపోతే మనిషి మొదట దాన్నే ఇంకా గట్టిగా చేస్తాడు. ఆ రెండు మూడు రాత్రుల్లో అక్క జాలిపడి ఒక్కసారి జవాబిచ్చేస్తే, ఇంకాస్త గట్టిగా అడిగితే దొరుకుతుందన్న పాఠం మిగులుతుంది. అందుకే ముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలంటున్నాను.

ఈ పద్ధతితో ఒక ప్రమాదమూ ఉంది. "మీరేం చేశారు" గడి మీదే చూపంతా పెట్టి, మొదటి గడిలో ఉన్న మనుషులను వదిలేయడం. మీ మీటింగుల్లో నిజంగానే ఎవరైనా అందరి ముందూ చిన్నబుచ్చుతుంటే, మీ పనిని తమ పేరున చెప్పుకుంటుంటే, అప్పుడు మీ భయం పొరపాటు కాదు, సమాచారం. ధైర్యంగా అక్కడే కూర్చోవడం నేర్పడం అప్పుడు సాయం కాదు. ఫిర్యాదో, బృందం మార్పో, ఉద్యోగం మార్పో ఆలోచించాలి. ఎవరూ ఏమీ అనలేదని రాశారు కాబట్టి మీకిది వర్తించకపోవచ్చు, అయినా సైకాలజిస్ట్ ఈ ప్రశ్న అడిగి తీరాలి. అడగకపోతే మీరే ఎత్తండి. దడ గురించి కూడా ఒకసారి డాక్టర్‌తో థైరాయిడ్, గుండె చూపించుకున్నారో లేదో రాయలేదు. చూపించుకోకపోతే ఆ పని ముందు చేయండి. చనిపోవాలనో, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో అనిపించే రోజులుంటే అది గళ్లలో రాసి తర్వాతి సెషన్ దాకా దాచొద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి, మీ సైకాలజిస్ట్‌కు చెప్పండి, వాళ్లు అందకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

మారాలా వద్దా అన్నదానికి నా కొలబద్ద ఇది. వచ్చే సెషన్‌లో "ఈ పేజీల్లో మీకేం కనబడుతోంది? ఒక కాగితం మీద గీసి చూపిస్తారా?" అని అడగండి. ఆవిడ గీసి, "ఇది సరేనా, ఎక్కడైనా తేడాగా ఉందా?" అని మిమ్మల్ని అడిగితే మంచి చేతుల్లో ఉన్నట్టే. మీకు సరిపోలేదనిపిస్తే చెప్పండి, ఆ బొమ్మ మారాలి. వారాల తరబడి రాయించుకుని, బొమ్మా గీయక, ఏదీ మార్చి చూడక, "రాస్తూ ఉండండి" అంటుంటే మాత్రం అప్పుడు మారండి.

ఇక మాత్రలు. మందులు, ఈ పని కలిసి నడవొచ్చు, చాలామందికి నడుస్తాయి. కానీ మీవి ఇదివరకెప్పుడో రాసిచ్చినవి. అవి ఏమిటో, ఇప్పటికీ వాడొచ్చో ఒక సైకియాట్రిస్ట్‌కు చూపించి తెలుసుకోండి. ఆందోళనకు ఇచ్చే కొన్ని రకాలు అలవాటు పడతాయి, రోజూ వాడుతుంటే సొంతంగా ఒక్కసారి ఆపడమూ మంచిది కాదు. ఇంకో సంగతి మీ సైకాలజిస్ట్‌కు తప్పకుండా చెప్పండి: మీరు ఆ మాత్ర వేసుకుంటున్నారా, లేక వేసుకోకపోయినా బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారా? రెండోదైతే, మూల కుర్చీ చేసే పనే అదీ చేస్తోంది. మాత్ర బ్యాగులో ఉన్న రోజు మీటింగ్ ఎలా గడిచింది, మర్చిపోయి వెళ్లిన రోజు ఎలా గడిచింది అన్నవి కూడా గళ్లలో రాయండి. ఆ పేజీలు సైకియాట్రిస్ట్‌కూ చూపించండి. మాత్ర కొనసాగించాలా, తగ్గించాలా అన్నది తేల్చడానికి వారికీ అవి పనికొస్తాయి.